అత్తయ్య సాక్సులు

దసరాకి మా వదిన వస్తుందంటే ఇంట్లో అందరికంటే ముందు సంబరపడేది నేనే. వదినంటే మావారి అక్క. విజయవాడ నుంచి వస్తూ సున్నుండల డబ్బా, గోంగూర పచ్చడి, పిల్లలకి బట్టలు, వాళ్ళమ్మకి ఒక చీర తెస్తుంది. ఉన్న నాలుగు రోజులూ వంటింట్లో నన్ను ఒంటరిగా వదలదు. పోయిన ఏడాది వీటన్నిటితోపాటు ఒక నల్ల సూట్‌కేసు కూడా తెచ్చింది.

భోజనాలయ్యాక దాన్ని హాల్లో తెరిచింది. ఒక దుప్పటి, దిండు గలీబులు, మోకాలికి తొడుక్కునే పట్టీలు, నల్లటి సాక్సులు.

"ఇవి మామూలు బట్టలు కాదు. దారంలోనే ఖనిజాలు కలిపి నేస్తారు. టూర్మలిన్, జెర్మేనియం ఇలాంటివి. మన ఒంటి వేడిని పట్టుకుని ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుగా మార్చి మళ్ళీ మన ఒంట్లోకే పంపిస్తాయి. రక్తప్రసరణ పెరుగుతుంది. షుగరు, కీళ్ళనొప్పులు, నిద్ర పట్టకపోవడం, అన్నిటికీ పనిచేస్తాయి" అంది. ఆ మాటలు చెబుతున్నంతసేపూ వదిన గొంతు వదినది కాదు. ఎక్కడో హోటల్ హాల్లో కూర్చోబెట్టి నేర్పించిన గొంతు.

తర్వాత మావారిని లేపి నిలబెట్టింది. చేయి పక్కకి చాపమని పైనుంచి నొక్కితే ఆయన ఒరిగిపోయారు. దుప్పటి మీద నిలబెట్టి మళ్ళీ నొక్కితే ఈసారి కదల్లేదు. పిల్లలు చప్పట్లు కొట్టారు. అత్తయ్య కళ్ళల్లో ఒక వెలుగు వచ్చింది. ఆ వెలుగు చూశాక ఇంక ఎవరు మాత్రం ఏం అడుగుతారు?

అత్తయ్యకి షుగరు వచ్చి పదహారేళ్ళు. రెండేళ్ళ నుంచి అరికాళ్ళ మంటలు. రాత్రిళ్ళు తడిగుడ్డ చుట్టుకుని పడుకునేవారు. ఒక్కోసారి అర్ధరాత్రి లేచి చూస్తే బాత్రూంలో కుళాయి కింద కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉండేవారు. ఆ మనిషికి "ఇది వేసుకో అమ్మా, తగ్గిపోతుంది" అని కన్నకూతురు చెబుతోంది.

దుప్పటి 14 వేలు. మోకాలి పట్టీల జత మూడున్నర వేలు. సాక్సులు జత 2,400, రెండు జతలు. మొత్తం 22,300 రూపాయలు.

నా మనసులో ప్రశ్న ఉంది. నోట్లోంచి రాలేదు. అమ్మేది కూతురు, వేసుకునేది తల్లి, డబ్బిచ్చేది కొడుకు. "ఇది నిజంగా పనిచేస్తుందా వదినా?" అని మధ్యలో అడగాల్సింది కోడలా? అడిగితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అత్తగారి కాళ్ళకి ఖర్చుపెట్టడానికి దీనికి చేతులు రావు అంటారు. ఎవరూ అనకపోయినా అనుకుంటారేమో అని నేను అనుకుంటాను. మొహమాటం అంటే అదే కదా! లోపలికి వెళ్ళి కాఫీ పెట్టాను.

మూడు వారాలు గడిచాయి. అత్తయ్య తడిగుడ్డ మానేశారు. "మంటలు తగ్గాయమ్మాయ్, హాయిగా ఉంది" అన్నారు. ఫోన్లో కూతురికి చెప్పారు, పక్కింటావిడకి చెప్పారు, పాలబ్బాయికి కూడా చెప్పారు. నేను లోపల్లోపల సిగ్గుపడ్డాను. అనవసరంగా అనుమానించాను, పోనీలే పెద్దావిడకి నిద్ర పడుతోంది, ఆ డబ్బు ఎక్కడికి పోయిందన్నాను. నెలకోసారి చేయించుకునే షుగరు పరీక్ష, డాక్టరు దగ్గరికి వెళ్ళడం ఆ నెల వాయిదా వేశారు. "సాక్సులు ఉన్నాయిగా" అన్నారు. నేనూ సరే అన్నాను. ఆ తప్పు మాత్రం వదినది కాదు, నాది.

కాగితంలో రోజుకి ఎనిమిది గంటలకి తక్కువ కాకుండా వేసుకోమని ఉంది. ఎనిమిది మంచిదైతే ఇరవై ఇంకా మంచిది కదా అని అత్తయ్య లెక్క. స్నానానికి తప్ప తీసేవారు కాదు. ఒక జత నేను ఉతికితే రెండో జత కాళ్ళకి. నల్ల సాక్సులు, మెషీన్లో వేసేదాన్ని. తిరగేసి చూసిన పాపాన పోలేదు.

కార్తీక పౌర్ణమి పొద్దున్న అత్తయ్య తలస్నానం చేసి తులసికోట దగ్గరికి వెళ్ళారు. 365 వత్తులు ముందురోజే నేతిలో వేసి ఉంచాం. నేను హారతి పళ్ళెం పట్టుకుని వెనకాల వెళుతుంటే తెల్ల గచ్చు మీద అక్కడక్కడ ఎర్రటి మరక కనిపించింది. కుంకుమ ఒలికిందనుకున్నాను. వంగి తుడవబోతే అడుగుకో మరక, ఒక్క కుడికాలి వైపే.

"అత్తయ్యా, ఒకసారి కూర్చోండి" అన్నాను. కుడికాలి బొటనవేలి కింద, అరికాలి మెత్తటిచోట, రూపాయి బిళ్ళంత పుండు. చుట్టూ చర్మం నాని తెల్లబడింది. నేను వేలితో పక్కన నొక్కాను. "నొప్పిగా ఉందా?" అంటే, "ఎక్కడ?" అన్నారు. ఆ ఒక్క మాటకి నా కాళ్ళల్లో సత్తువ పోయింది.

ఆ రోజే పాదాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మందుకంటే ముందు సొరుగులోంచి ఒక చిన్న పుల్లలాంటిది తీశారు. దాని చివర చేపల వలకి వాడేలాంటి సన్నటి నైలాన్ పోగు ఉంది. అత్తయ్యని కళ్ళు మూసుకోమని, అరికాల్లో ఒక్కోచోట ఆ పోగు కొనని ఆనించి వంగేదాకా నొక్కారు. "తగిలినప్పుడు చెప్పండమ్మా" అన్నారు. అత్తయ్య కళ్ళు మూసుకుని, పరీక్షకి కూర్చున్న పిల్లలా శ్రద్ధగా ఎదురుచూస్తున్నారు. డాక్టరు గారు అప్పటికి ఐదుచోట్ల తాకించేశారు. అత్తయ్య "ఇంకా మొదలుపెట్టలేదా?" అని అడిగారు.

ఆ పోగు సరిగ్గా 10 గ్రాముల ఒత్తిడికి వంగేలా తయారవుతుందట. అది తగిలినట్టు తెలియకపోతే పాదానికి కాపలా పోయినట్టే. రాయి గుచ్చుకున్నా, చెప్పు ఒరుసుకున్నా, వేడి బండ మీద నడిచినా కాలు మనకి కబురు పంపదు.

నేను సాక్సుల సంగతి చెప్పాను. మంటలు తగ్గాయని కూడా చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ఈ పుండు సాక్సుల వల్ల రాలేదమ్మా. చెప్పు ఒరుసుకుని వచ్చి ఉంటుంది. సాక్సు దాన్ని దాచిపెట్టింది, అంతే. ఇంకోటి, షుగరు ఉన్నవాళ్ళకి మంట తగ్గడం ప్రతిసారీ మంచి కబురు కాదు. ఒక్కోసారి నరం చల్లబడితే కాదు, చచ్చుబడితే మంట ఆగుతుంది" అన్నారు.

మేం మూడు వారాలు సంతోషపడింది దేనికో అప్పుడు అర్థమైంది. సాక్సుల వల్ల కొంత హాయి ఉండి ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ "తగ్గింది" అన్న మాట విని పరీక్ష చేయించాల్సింది పోయి పరీక్ష మానేశాం.

పుండు మానడానికి రెండున్నర నెలలు పట్టింది. ఆ కాలు నేలమీద మోపకూడదు, రోజు విడిచి రోజు డ్రెస్సింగు. వేలు దక్కింది. ఇంకో పది రోజులు ఆలస్యమై ఎముకదాకా వెళ్ళి ఉంటే చెప్పలేమని డాక్టరు గారు అన్నప్పుడు మావారు గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆ రెండున్నర నెలల్లో నాకు అసలు ఈ ఖనిజాల బట్ట ఏమిటో తెలుసుకోవాలన్న పంతం పట్టుకుంది. చీర కొనేటప్పుడు అంచు దారం లాగి కాల్చి, కాలిన వెంట్రుకల వాసన వస్తేనే పట్టు అని నమ్మే జాతి మనది. రంగు పోతుందేమోనని కొంగు మూల తడిపి చూస్తాం. 22 వేలు పెట్టిన బట్టని ఒక్క ప్రశ్న కూడా అడగలేదే అని.

మొదట తెలిసింది ఏమిటంటే, దారంలో ఖనిజం ఉండటం అబద్ధం కాదు. పాలిస్టర్ దారం ఎలా వస్తుందో మీకు ఒక్క మాటలో చెప్తాను, జంతికల గొట్టం గుర్తు తెచ్చుకోండి. పాలిస్టర్‌ని కరిగించి సన్నటి చిల్లుల్లోంచి నొక్కితే పోగులుగా బయటికొచ్చి గాలికి గట్టిపడతాయి. కరిగినప్పుడే మెత్తగా నూరిన ఖనిజం పొడి కలిపితే అది పోగు లోపలే ఉండిపోతుంది. పిండిలో కలిపిన వాములాగ. ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. కొన్ని చవక రకాలకి మాత్రం నేసిన బట్ట మీద పైపైన పూత పూస్తారు. అది వేయించిన జంతికల మీద చల్లిన కారంలాంటిది, రాలిపోతుంది.

ఇందులో కొత్తేమీ లేదు కూడా. మనం రోజూ కట్టుకునే పాలిస్టర్ చీరల దారంలో ఎప్పటినుంచో టైటానియం డయాక్సైడ్ అనే ఖనిజం పొడి కలుపుతున్నారు, దారం మరీ తళతళలాడకుండా మెరుపు తగ్గించడానికి. అంటే ఖనిజం కలిపిన బట్ట మన బీరువాల్లో నిండా ఉంది. ఆరోగ్యం పేరు పెట్టలేదు కాబట్టి ఆ చీర 600 కే వచ్చింది.

రెండోది, ఇన్‌ఫ్రారెడ్. అదేదో గొప్ప కిరణం అనుకున్నాను. పొయ్యి మీద కాలిన పెనానికి జానెడు దూరంలో చేయి పెడితే తగిలే వేడి అదే. మన ఒళ్ళు కూడా పగలూ రాత్రీ ఆ కిరణాలనే వెలువరిస్తూ ఉంటుంది. కప్పుకున్న ఏ బట్టయినా అందులో కొంత పీల్చుకుని కొంత తిరిగి ఇస్తుంది. మా అమ్మమ్మ బొంత కూడా ఇస్తుంది. ఖనిజం కలిపితే ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో కొద్దిగా తేడా రావచ్చు. కానీ మనం ఇచ్చిన వేడికంటే ఎక్కువ ఆ బట్ట ఎక్కణ్ణించి తెస్తుంది? లోపల బ్యాటరీ లేదు, నిప్పు లేదు.

మూడోది పరిశోధనలు. అన్నీ బూటకమని కొట్టిపారేస్తే నేనూ వదినలాగే తెలియకుండా మాట్లాడినట్టు. 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో పాదాల నొప్పి ఉన్న 55 మందిని తీసుకుని, కొందరికి ఖనిజాల సాక్సులు, కొందరికి చూడ్డానికి అలాగే ఉండే మామూలు సాక్సులు రెండు వారాలు వేయించారు. ఖనిజాల సాక్సుల వాళ్ళకి నొప్పి కొంత ఎక్కువ తగ్గింది. అది చెప్పింది అంతే. 55 మంది, రెండు వారాలు, నొప్పి. షుగరు తగ్గిందనీ, పుండు మానిందనీ, చచ్చుబడిన నరం లేచిందనీ అందులో లేదు. ఆ "కొంత" అన్న మాట సూట్‌కేసులోకి వచ్చేసరికి "అన్నిటికీ" అయిపోయింది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2013లో రుమటాయిడ్ కీళ్ళవాతం ఉన్న 70 మందికి రాగి కడియాలు, అయస్కాంతం పట్టీలు, వాటి నకిలీలు మార్చి మార్చి తొడిగి చూశారు. నొప్పిలో, వాపులో అసలుకీ నకిలీకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

మోసపోయేది మనమొక్కళ్ళమే కాదని తెలిసి కొంచెం ఊరట కలిగింది. అమెరికాలో ప్రకటనల మీద కన్నేసి ఉంచే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే ప్రభుత్వ సంస్థ ఉంది. రాగి కలిపిన దారంతో బట్టలు చేసి కీళ్ళనొప్పులకి ఉపశమనమని అమ్మిన టామీ కాపర్ అనే కంపెనీ 2015లో ఆ సంస్థతో 13 లక్షల 50 వేల డాలర్లకి రాజీ పడాల్సొచ్చింది. అంతకుముందు ఏడాది రెండు కంపెనీలు కెఫీన్ కలిపిన లోదుస్తులు వేసుకుంటే నడుము సన్నబడుతుందని అమ్మి, కొన్నవాళ్ళకి ఇవ్వడానికి సుమారు 15 లక్షల డాలర్లు కట్టాయి. కాఫీ తాగి తగ్గని నడుము కాఫీ కట్టుకుంటే తగ్గుతుందా అని నేను నవ్వాను. తర్వాత మా బీరువాలో 14 వేల దుప్పటి గుర్తొచ్చి నవ్వు ఆపేశాను.

నవ్వుకోవడానికి వీల్లేనిది ఒకటుంది. "నెగటివ్ అయాన్లు" అని రాసి అమ్మే కొన్ని వస్తువుల్లో థోరియం ఉండే ఖనిజాలు కలుపుతారు. మన శ్రీకాకుళం, విశాఖ తీరాల ఇసుకలో కూడా దొరికే మోనజైట్ అలాంటిదే. థోరియం అణుధార్మిక పదార్థం. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణుభద్రత అధికారులు ఇలాంటి పది వస్తువులు రేడియేషన్ వెలువరిస్తున్నాయని, వాడొద్దని, తీసి పక్కన పెట్టేయమని ప్రజల్ని హెచ్చరించారు. వాటిలో కళ్ళకి కట్టుకుని పడుకునే గుడ్డ గంత ఒకటి, పిల్లలకి వేసే కడియం ఒకటి. ఖనిజం అనగానే మేలే చేస్తుందనుకుంటాం. సీసం, పాదరసం కూడా ఖనిజాల్లోంచే వస్తాయి మరి.

అలాగని ఒంటికి మేలు చేసే బట్టలే లేవా అంటే ఉన్నాయి. గంటల తరబడి నిలబడి పాఠాలు చెప్పే టీచర్లకి, కాళ్ళల్లో నరాలు ఉబ్బినవాళ్ళకి డాక్టర్లు రాసే బిగుతు మేజోళ్ళు ఉన్నాయి. అవి ఎంత ఒత్తిడి ఇస్తాయో బీపీ కొలిచినట్టే పాదరసం మిల్లీమీటర్లలో పెట్టె మీద రాసి ఉంటుంది. ఎండని ఆపే బట్టలున్నాయి. యూపీఎఫ్ 50 అని ఉంటే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతుకి మించి లోపలికి రానివ్వదని అర్థం, యంత్రం మీద పెట్టి కొలవొచ్చు. పైగా ఆ బిగుతు మేజోళ్ళు కాళ్ళకి రక్తం సరిగా అందనివాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. నాకు ఇక్కడే తేడా తెలిసింది. నిజంగా పనిచేసే వస్తువు ఎంత పనిచేస్తుందో చెబుతుంది, ఎవరికి పనికిరాదో కూడా చెబుతుంది. వదిన సూట్‌కేసులో వచ్చిన కాగితంలో ఎవరు వేసుకోకూడదో ఒక్క ముక్క లేదు. అందరికీ, అన్నిటికీ అన్నప్పుడే నేను లేచి ఉండాల్సింది.

ఆ తోపుడు పరీక్ష కూడా ఇంట్లో చేసి చూశాను. మా అమ్మాయిని నిలబెట్టి మొదటిసారి మణికట్టు దగ్గర నొక్కాను, ఒరిగింది. వంటింటి మసిగుడ్డ మీద నిలబెట్టి ఈసారి మోచేతికి దగ్గరగా నొక్కాను. కదల్లేదు. రెండోసారి ఏం జరగబోతోందో తెలుసు కాబట్టి ఒళ్ళు కూడా తనకు తానే బిగుసుకుంటుంది. మా మసిగుడ్డలో పసుపూ నూనె మరకా తప్ప ఏ ఖనిజమూ లేదు.

ఇంక వదిన సంగతి. అసలు ఇది రాయడానికి ఇన్నాళ్ళు ఆగింది అందుకే.

పుండు సంగతి తెలిసి వదిన ఆ రాత్రే బస్సెక్కి వచ్చింది. తల్లి కాలు చూసి ఏమీ మాట్లాడలేదు. వంటింట్లోకి వచ్చి, "నువ్వు ముందే అనుకున్నావు కదూ?" అంది.

"అనుకున్నాను వదినా. కానీ అడగలేదు."

"ఎందుకడగలేదు?"

"మీరేమనుకుంటారోనని."

చాలాసేపు ఊరుకుని, తర్వాత చెప్పింది. అన్నయ్యగారి షాపు మూతపడ్డాక తెలిసినావిడ ఎవరో ఇందులో చేర్చిందట. ముందు సరుకు కొనాలన్నారట. గాజులు బ్యాంకులో పెట్టి 60 వేలు కట్టింది. తన కింద ఇంకో ఇద్దర్ని చేర్చాలి, వాళ్ళ కింద ఇంకో ఇద్దరు. మొదట అమ్మాల్సింది చుట్టాలకే అని మీటింగుల్లో చెబుతారట, ఎందుకంటే చుట్టాలు కాదనరు. "నేను నమ్మే అమ్మాను. మా ఇంట్లో నేనూ దాని మీదే పడుకుంటున్నాను" అంది. అబద్ధం చెప్పట్లేదని నాకు తెలుసు. అమ్మకి హాని చేయాలని ఏ కూతురు అనుకుంటుంది?

అందుకే నా కోపం వదిన మీద లేదు. వదిన మొహమాటాన్నీ, నా మొహమాటాన్నీ, కాళ్ళ మంటలతో నిద్రలేని ఒక పెద్దావిడ ఆశనీ కలిపి వ్యాపారం చేసుకున్నవాళ్ళ మీద ఉంది. వాళ్ళు టీవీలో ప్రకటన ఇవ్వరు, కాగితం మీద గట్టి మాట రాయరు. రాస్తే చట్టం పట్టుకుంటుంది. మన దేశంలో 1954 నుంచే ఒక చట్టం ఉంది. షుగరులాంటి జబ్బుల్ని నయం చేస్తామని మందులకి గానీ, తాయెత్తులూ కవచాలూ లాంటి మహిమల వస్తువులకి గానీ ప్రకటనలు ఇవ్వకూడదని. కవచం అన్న మాట ఆ చట్టంలోనే ఉంది. సాక్సులు దాని కిందకి వస్తాయో రావో వకీళ్ళు తేల్చాలి. మనుషుల్ని చేర్పించడం మీదే నడిచే పిరమిడ్ పథకాల్ని 2021లో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు నిషేధించాయి. తప్పుడు ప్రకటనల మీద ఫిర్యాదు చేయడానికి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. కానీ ఆ పెద్ద పెద్ద మాటలన్నీ కంపెనీ నోటితో రాలేదు. మా వదిన నోటితో, మా హాల్లో, సున్నుండలు తింటుండగా వచ్చాయి. ఫిర్యాదు చేస్తే ముందు ఎవరి పేరు రాయాలి?

నేను ఇంకా ఫిర్యాదు చేయలేదు. చేయాల్సిందేనని నా అభిప్రాయం. వదినతో ఈ మధ్యే మళ్ళీ మాట్లాడాను. "నా పేరుంటే ఉండనీ, కానీ అమ్మకి తెలియకూడదు" అంది. ఇద్దరం కలిసి కూర్చుని రాయాలనుకుంటున్నాం. మిగిలిన సరుకు కంపెనీ వెనక్కి తీసుకోలేదు. షుగరు ఉన్నవాళ్ళకి సాక్సులు అమ్మడం మాత్రం వదిన ఆ రోజే మానేసింది. అప్పటికే కొన్న నలుగురికి ఫోన్ చేసి రోజూ అరికాళ్ళు చూసుకోమని చెప్పింది.

మీకు నేను చెప్పేది ఒక్కటే. ఇలాంటి వస్తువు ఇంటికొస్తే కొనండి, కొనకపోండి, అది మీ ఇష్టం. దుప్పటి మెత్తగా ఉందని కొనుక్కుంటే తప్పేం లేదు. కానీ అడగండి. ఎవరి మీద పరీక్షించారు? ఎంతమంది? ఏ జబ్బు ఎంత తగ్గింది? ఎవరు వేసుకోకూడదు? అమ్మేది అక్కయినా, ఆడపడుచయినా, గుడిలో పక్కన కూర్చునే స్నేహితురాలయినా అడగండి. అడిగితే చుట్టరికం చెడుతుందని నేను భయపడ్డాను. అడక్కపోతే ఏమవబోయిందో చూశారుగా. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తాను. ఏ బట్ట వేసుకున్నా మందు ఆపకండి, పరీక్ష వాయిదా వేయకండి.

ఇప్పుడు మా ఇంట్లో అత్తయ్యకి కుట్లు ఒరుసుకోని తెల్ల నూలు సాక్సులు. జత 90 రూపాయలు. తెలుపైతే చుక్క రక్తం అంటినా కనిపిస్తుంది, డాక్టరు గారు ప్రత్యేకంగా చెప్పిన మాట అది. ఇంట్లో కూడా మెత్తటి ఎంసీఆర్ చెప్పులు, పూజగదిలోకి ఒక జత విడిగా. దేవుడి దగ్గర చెప్పులేంటని మొదట ఒప్పుకోలేదు. "ఆయనే ఇచ్చిన కాళ్ళు అత్తయ్యా" అంటే ఊరుకున్నారు.

రోజూ రాత్రి తొమ్మిదింటికి సీరియల్ అయిపోయాక ఆవిడ సోఫాలో కూర్చుంటారు. నేను కింద కూర్చుని వేళ్ళ సందులు, మడమలు, అరికాళ్ళు చూస్తాను. మొదట్లో "నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంటమ్మా" అని లాగేసుకునేవారు. ఇప్పుడు నేను మర్చిపోతే ఆవిడే పిలుస్తున్నారు. నేను ఊళ్ళో లేనప్పుడు నా డ్రెస్సింగ్ టేబుల్ మీది చేతి అద్దం తీసుకుని కింద పెట్టి తనే చూసుకుంటారు. రెండు నిమిషాల పని.

మీ ఇంట్లో కూడా పదేళ్ళుగా షుగరు ఉన్నవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. ఈ రాత్రి వాళ్ళ సాక్సులు విప్పించి ఒకసారి చూడండి. మంటలు తగ్గాయంటే సంతోషించండి, సంతోషించి డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళండి.